నిమ్మకాయ సరే... టైరు చూశారా?

కారుకు బీమా ఉంటే చాలా? ఆ కారు బాగుందో లేదో చూసేదెవరు? పాలసీ కాగితంలోనే ఉన్నా చాలామంది చదవని సంగతులివి.

ఆయుధపూజ రోజు పొద్దున్నే ఏ అపార్టుమెంటు సెల్లార్లోకైనా వెళ్లి చూడండి. ఎక్కడ చూసినా బకెట్లు, తడిగుడ్డలు, షాంపూ నురగ. ఏడాదంతా దుమ్ము కొట్టుకుపోయిన కార్లు ఆ ఒక్కరోజు పెళ్లికొడుకుల్లా మెరిసిపోతుంటాయి. బోనెట్ మీద పసుపు, కుంకుమ. ముందు బంపరుకు బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, గుమ్మడికాయతో దిష్టి తీసి... చివరగా నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు. పిల్లలు వెనకసీట్లో ఎక్కి కూర్చుంటారు. ఇంటాయన నెమ్మదిగా బండిని ముందుకు పోనిస్తాడు. నిమ్మకాయలు చితుకుతాయి. ‘హమ్మయ్య, ఇక ఏడాదంతా దిగుల్లేదు’ అనుకుంటుంది ఇల్లాలు.

ఆ నిమ్మకాయలు పెట్టడానికి ఆయన నాలుగుసార్లు కిందికి వంగాడు. టైరుకు జానెడు దూరంలోకి వెళ్లాడు. కానీ టైరును చూడలేదు. దాని గాళ్లు అరిగిపోయి నున్నగా అయ్యాయా, పక్కన ఎక్కడైనా ఉబ్బిందా, తయారై ఎన్నేళ్లయింది... ఇవేవీ ఆయనకు తట్టలేదు. ఎందుకంటే, ‘ఇన్సూరెన్స్ ఉందిగా’ అన్న ధీమా.

మూడు నెలల తర్వాత సంక్రాంతి. అదే కారు, అదే కుటుంబం. డిక్కీ నిండా సామాను. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌ప్లాజా దాటేదాకా బారులు తీరిన వాహనాలు, దాటాక ఒక్కసారిగా అందుకునే వేగం. ఆ వేగంలో ఆ కుటుంబాన్ని కాపాడేది అరచేయంత వెడల్పున రోడ్డును పట్టుకుని ఉండే నాలుగు రబ్బరు ముక్కలు. వాటిని ఏడాదిలో ఎవరైనా ఒక్కసారి చూశారా?

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూడని బ్రేకులు

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను మనవాళ్లు ముచ్చటగా ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అంటారు. లారీవాళ్లకూ బస్సులవాళ్లకూ ఆయన బాగా తెలుసు. రవాణా వాహనాలను మొదటి 8 ఏళ్లూ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ‘ఫిట్‌నెస్’ పరీక్షకు పెట్టాల్సిందే. ట్యాక్సీలకూ అంతే.

మరి సొంత కారు సంగతి? మోటారు వాహనాల చట్టం-1988 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అది పూర్తయ్యాక కారును తనిఖీ చేయించి మరో 5 ఏళ్లకు పొడిగించుకోవాలి. అంటే, షోరూమ్ నుంచి బయటికొచ్చిన రోజు నుంచి 15 ఏళ్లు నిండేదాకా ఆ కారు బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో క్రమం తప్పకుండా చూసే ప్రభుత్వ అధికారి అంటూ ఎవరూ లేరు. పొగ పరీక్ష మాత్రం తప్పనిసరి. అది గాలి కోసం. అందులో బ్రేకులు చూడరు, స్టీరింగ్ చూడరు, టైర్లు చూడరు.

ఎల్‌కేజీలో చేరిన పిల్లాడు డిగ్రీలోకి వచ్చేంత కాలమది. అన్నేళ్లూ కారు బాగోగులు చూడాల్సింది ఇద్దరే. ఒకరు యజమాని, రెండోవారు యజమాని నమ్ముకున్న మెకానిక్కు. ఇక మూడోవారు... ఏటా డబ్బు కట్టించుకునే బీమా కంపెనీ.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. రోజుకు 460 మందికి పైనే. వీటిలో ఎక్కువ మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. నిజమే. అయితే, వేగంగా వెళ్తున్న బండిని ఆపాల్సింది బ్రేకులే. తడిరోడ్డు మీద జారకుండా పట్టుకోవాల్సింది టైర్లే.

నాలుగో షరతు

బీమా పాలసీ అంటే మనకు తెలిసింది మూడు అంకెలు. కారు విలువ ఎంత కట్టారు, ప్రీమియం ఎంత, గడువు ఎప్పటిదాకా. ఆ తర్వాత వచ్చే చిన్న అక్షరాల పేజీలను తిరగేసేవాళ్లు అరుదు. కానీ అసలు సంగతులన్నీ అక్కడే ఉన్నాయి.

మన దేశంలో కార్లకు ఇచ్చే పాలసీల్లో కంపెనీ ఏదైనా షరతులు మాత్రం దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. వాటిలో నాలుగోదాన్ని తేలిక మాటల్లో చెప్పుకుంటే ఇదీ: కారుకు నష్టం జరగకుండా యజమాని తగిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి, దాన్ని సక్రమంగా పనిచేసే స్థితిలో ఉంచుకోవాలి. కారునుగానీ, అందులోని ఏ భాగాన్నిగానీ ఎప్పుడైనా సరే పరిశీలించే హక్కు కంపెనీకి ఉంటుంది. ప్రమాదం జరిగినా, బండి మొరాయించినా దాన్ని గాలికొదిలేసి వెళ్లిపోకూడదు. మరమ్మతు చేయించకుండా నడిపితే ఆ తర్వాత పెరిగే నష్టమంతా యజమానిదే.

అంటే, బండిని పరీక్ష చేసే వీలు పాలసీలోనే ఉంది. కానీ అది కంపెనీకి ఉన్న హక్కు, మనకున్న బాధ్యత. కంపెనీ తన హక్కును అవసరమైనప్పుడే వాడుకుంటుంది. మన బాధ్యత మాత్రం ప్రతిరోజూ ఉంటుంది.

మరో మెలిక కూడా ఉంది. అరుగుదల, యంత్రాల్లో వాటంతటవే వచ్చే లోపాలు బీమా కిందికి రావు. అరిగిపోయిన బ్రేక్ ప్యాడ్లకూ, నున్నబడిన టైర్లకూ కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వదు. టైరు ఒక్కటే పగిలితే దానికీ ఇవ్వదు. ప్రమాదంలో కారుతోపాటు దెబ్బతింటేనే ఇస్తుంది, అదీ సగమే. వాటిని చూసుకోకపోవడం వల్లే ప్రమాదం జరిగిందని సర్వేయరు నివేదికలో రాశాడంటే నాలుగో షరతు తెర మీదికొస్తుంది.

అలాగని షరతు పేరు చెప్పి ప్రతి క్లెయిమునూ కొట్టేయడం కుదరదు. ప్రైవేటు కారును అద్దెకు తిప్పుతుండగా దొంగలు ఎత్తుకుపోయిన ఓ కేసులో, షరతు మీరారన్న కారణంతో మొత్తం ఎగ్గొట్టకుండా 75 శాతం చెల్లించడం సబబేనని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. కానీ అంతదాకా వెళ్లి, అన్నేళ్లు తిరిగి తెచ్చుకునే డబ్బు కంటే ముందే చేయించుకునే అరగంట పరీక్ష ఎంతో చవక.

కంపెనీ కారును ఎప్పుడు చూస్తుంది?

పాలసీ గడువు తీరకముందే డబ్బు కట్టేస్తే మామూలుగా ఎవరూ వచ్చి కారును చూడరు. ఫోన్లో రెండుసార్లు నొక్కితే పాలసీ వచ్చేస్తుంది. ఎంత బుద్ధిగా కడుతూ పోతే కంపెనీవాళ్లు కారును చూసే అవసరం అంత తక్కువ!

గడువు దాటిందా... అప్పుడు వస్తారు. దీన్నే ‘బ్రేక్-ఇన్ ఇన్‌స్పెక్షన్’ అంటారు. మధ్యలో బీమా లేని రోజుల్లో ఎక్కడైనా గుద్దించి, ఆ సొట్టకు కొత్త పాలసీలో డబ్బు రాబట్టుకుంటారేమోనన్నది కంపెనీ అనుమానం. ఇదివరకు మనిషి వచ్చేవాడు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకునేవాడు. నాలుగు పక్కలా ఫొటోలు తీసేవాడు. ఇప్పుడు చాలా కంపెనీలు ఫోన్లోనే లింకు పంపిస్తున్నాయి. కారు చుట్టూ తిరుగుతూ వీడియో తీసి పంపితే సరిపోతుంది. థర్డ్ పార్టీ పాలసీ నుంచి పూర్తిస్థాయి పాలసీకి మారినా ఈ పరీక్ష ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘ఇన్సూరెన్స్ వాళ్లు చూసి ఓకే చేశారు, బండికేం ఢోకా లేదు’ అనుకుంటారు. వాళ్లు చూసింది సొట్టలు, గీతలు, అద్దాలు, లైట్లు, మీటర్లో కిలోమీటర్లు. బ్రేక్ ప్యాడ్ ఎంత మందం మిగిలిందో చూడలేదు. ఇంజిన్ ఆయిలు చూడలేదు. అది కంపెనీ తన డబ్బు కోసం చేసుకునే పరీక్షే తప్ప మన ప్రాణాల కోసం చేసేది కాదు.

గడువు విషయంలో మరో లెక్క కూడా ఉంది. పాలసీ ముగిసిన 90 రోజుల్లోగా పునరుద్ధరించుకోకపోతే అప్పటిదాకా కూడబెట్టుకున్న ‘నో క్లెయిమ్ బోనస్’ పోతుంది. మొదటి ఏడాది 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతానికి చేరే రాయితీ అది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు 14 రోజుల్లోగా పాలసీని తమ పేరుకు మార్పించుకోవడానికి దరఖాస్తు చేసుకోవాలి. పాత యజమాని బోనస్ మాత్రం కొత్తాయనకు రాదు.

పొగ పరీక్ష సర్టిఫికెట్ లేనిదే బీమా పునరుద్ధరించవద్దని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులైలో ఆ నిబంధనను తొలగించింది. కాబట్టి ఆ కాగితం కోసం బీమా ఆగదు. అయినా చట్టం ప్రకారం పొగ సర్టిఫికెట్ కారులో ఉండాల్సిందే.

పాలసీతోపాటు వచ్చే సేవలు

ఒకప్పుడు దేశమంతటా కారు బీమాకు ఒకటే రేటు, ఒకటే పట్టిక. 2007 జనవరి 1 నుంచి సొంత కారు నష్టానికి సంబంధించిన ప్రీమియంను కంపెనీలే నిర్ణయించుకునే స్వేచ్ఛ వచ్చింది. పోటీ పెరిగింది. అదనపు రక్షణలు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. వాటిలో ఇంటిల్లిపాదికీ బాగా పనికొచ్చేది ‘రోడ్‌సైడ్ అసిస్టెన్స్’.

కారు దారిలో ఆగిపోతే ఒక్క ఫోను చేస్తే చాలు. బ్యాటరీ దిగిపోతే వేరే బ్యాటరీతో అంటించి స్టార్ట్ చేస్తారు. టైరు పంక్చరైతే స్టెప్నీ బిగిస్తారు. తాళంచెవి లోపలే ఉండిపోతే తలుపు తీస్తారు. పెట్రోలు అయిపోతే తెచ్చి పోస్తారు, పెట్రోలు ఖరీదు మాత్రం మనదే. అక్కడ బాగుచేయడం కుదరకపోతే దగ్గర్లోని గ్యారేజీకి లాక్కెళ్తారు. ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితం, ఏడాదికి ఎన్నిసార్లు, ఎన్నేళ్ల కారు వరకు... ఇవి కంపెనీని బట్టి మారతాయి. సూర్యాపేట దాటాక అర్ధరాత్రి బండి ఆగినప్పుడు కాదు, పాలసీ తీసుకునే రోజే వీటిని తెలుసుకోవాలి. ఆ సేవ ఫోను నంబరును ఇంట్లో డ్రైవింగ్ వచ్చిన ప్రతి ఒక్కరి ఫోన్లోనూ దాచిపెట్టాలి.

దీని తర్వాతి మెట్టే ‘వెహికల్ హెల్త్ చెకప్’. కొన్ని కంపెనీలు తమ పాలసీదారులకు ఏడాదికోసారి, లేదంటే వానాకాలం ముందు తమతో ఒప్పందం ఉన్న గ్యారేజీల్లో ఉచితంగా కారును పరీక్ష చేయిస్తున్నాయి. కార్ల కంపెనీలు కూడా అప్పుడప్పుడూ ఇలాంటి శిబిరాలు పెడుతుంటాయి. అయితే అన్ని పాలసీల్లోనూ ఈ సౌకర్యం ఉండదు. ఉన్నా, ‘మీ కారును తీసుకురండి’ అని పనిగట్టుకుని పిలవకపోవచ్చు. అడిగినవాళ్లకే దక్కుతుంది. అందుకే పునరుద్ధరణ సమయంలో ఏజెంటునుగానీ, కస్టమర్ కేర్‌నుగానీ సూటిగా అడగాలి. ‘ఈ పాలసీలో ఉచిత తనిఖీ ఉందా? ఎక్కడ చేస్తారు? ఏమేం చూస్తారు? రాతపూర్వకంగా రిపోర్టు ఇస్తారా?’

ఆ చివరి ప్రశ్న ముఖ్యం. రిపోర్టు చేతికి తీసుకుని, సర్వీసింగ్ బిల్లులతో కలిపి దాచుకుంటే రేపు క్లెయిము సమయంలో ‘బండిని సక్రమంగా చూసుకున్నాను’ అని చెప్పడానికి అదే సాక్ష్యం. ఉచితం కదా అని వెళ్లినప్పుడు అవసరం లేని మరమ్మతులు అంటగట్టే గ్యారేజీలూ ఉండొచ్చు. ఏ భాగం మార్చాలన్నా ముందు దాన్ని కళ్లతో చూపించమనాలి. అనుమానముంటే రెండో మెకానిక్కుకు చూపించాలి. పెద్ద జబ్బని చెబితే రెండో డాక్టరు దగ్గరికి వెళ్లమూ?

నీళ్లలో నానిన పాఠం

2020 అక్టోబరులో హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు... రెండుసార్లూ వీధుల్లో కార్లు బొమ్మల్లా తేలాయి. విజయవాడలో బాధితుల క్లెయిముల కోసం బీమా కంపెనీల ప్రతినిధులతో ప్రభుత్వమే ప్రత్యేకంగా సహాయ కేంద్రం పెట్టాల్సి వచ్చింది.

పూర్తిస్థాయి పాలసీ ఉంటే వరద నష్టానికి పరిహారం వస్తుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. అయితే ఆ పూర్తిస్థాయి పాలసీ ఉన్నవాళ్లు కూడా దెబ్బతినే చోటు ఒకటుంది. నీళ్లు తగ్గగానే ఆత్రం కొద్దీ తాళం తిప్పడం! ఇంజిన్ సిలిండర్లలోకి చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు. తాళం తిప్పగానే పిస్టను ఆ నీటిని గుద్దుకుంటుంది. కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలుగా శుభ్రం చేస్తే బాగుపడే ఇంజిను తుక్కుగా మారుతుంది. ఇది వరద వల్ల వచ్చిన నష్టం కాదు, ఆ తర్వాత స్టార్ట్ చేయడం వల్ల వచ్చిందని కంపెనీ అంటుంది. నాలుగో షరతును చూపిస్తుంది. ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ అనే అదనపు రక్షణ తీసుకున్నవాళ్లకే ఇలాంటి చోట ఊరట. దానికీ షరతులుంటాయి.

కాబట్టి మునిగిన కారును ముట్టుకోకూడదు. ఫొటోలు తీసి, కంపెనీకి కబురు పెట్టి, గ్యారేజీకి లాగించుకెళ్లాలి. ఇంజినే కాదు, బ్రేకులు, వైరింగు, ఎయిర్‌బ్యాగుల సెన్సర్లు కూడా పరీక్షించాకే రోడ్డెక్కించాలి. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తుప్పు నెమ్మదిగా తన పని తాను చేసుకుపోతుంది.

సర్వేయరు లెక్క

ప్రమాదం జరిగాక వచ్చే పరీక్ష అన్నిటికంటే కచ్చితమైనది. నష్టం నిర్ణీత మొత్తం దాటితే లైసెన్సు ఉన్న సర్వేయరు వచ్చి చూడాలి. ఏ భాగం ఈ ప్రమాదంలో విరిగింది, ఏది అంతకుముందే పాడైంది అని విడదీస్తాడు. తర్వాత తరుగుదల లెక్క.

ఉదాహరణకు, కొని నాలుగున్నరేళ్లయిన చిన్న కారు ముందువైపు దెబ్బతిందనుకుందాం. ప్లాస్టిక్ బంపరు రూ.10,000, ఇనుప బోనెట్ రూ.12,000, అద్దం రూ.6,000. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకూ టైర్లు, బ్యాటరీలకూ 50 శాతం తరుగు తీసేస్తారు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి తీస్తారు. నాలుగు నుంచి అయిదేళ్ల కారుకు అది 35 శాతం. అద్దానికి తరుగు లేదు. అంటే బంపరుకు 5,000, బోనెట్‌కు 7,800, అద్దానికి 6,000... మొత్తం రూ.18,800. ఇందులోంచి 1500 సీసీ వరకు ఉన్న కార్లకు తప్పనిసరిగా తీసేసే రూ.1,000 పోను రూ.17,800 వస్తుంది. కూలి, పెయింటు లెక్క వేరు. రూ.28,000 విడిభాగాల్లో పది వేలకు పైగా చేతి నుంచి పడుతుందన్నమాట. పైగా వచ్చే ఏడాది బోనస్ పోతుంది. ఈ తరుగును కంపెనీయే భరించే ‘జీరో డిప్రిసియేషన్’ రక్షణ సాధారణంగా కొత్త కార్లకే దొరుకుతుంది.

కాగితాలు కూడా పరీక్షలో భాగమే. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయిన కారు దొంగతనానికి గురైన కేసులో 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కంపెనీ పక్షానే నిలిచింది. 15 ఏళ్లు దాటిన కారును రిజిస్ట్రేషన్ పొడిగించుకోకుండా తిప్పేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన తీర్పిది. గ్యాస్ కిట్ బిగించినవాళ్లు దాన్ని ఆర్సీలోనూ పాలసీలోనూ రాయించాలి. సీఎన్‌జీ సిలిండరును మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి.

కంపెనీ నిర్ణయం అన్యాయమనిపిస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సంతృప్తికరమైన జవాబు రాకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. హైదరాబాద్‌లోనే కార్యాలయం ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా మన హైదరాబాద్‌లోనే ఉంది. దాని సహాయ కేంద్రం నంబరు 155255.

వేరే దేశాల్లో...

బ్రిటన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లను అడిగితే ‘ఎంఓటీ’ గురించి చెబుతారు. కారు కొన్న మూడేళ్ల నుంచి ఏటా చేయించాల్సిన పరీక్ష అది. 1960లో మొదలైనప్పుడు పదేళ్లు దాటిన వాహనాలకే ఉండేది. 1967లో మూడేళ్లకు తగ్గించారు. జర్మనీలో కొత్త కారుకు మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి. జపాన్‌లోనూ అదే లెక్క. అక్కడ ఈ పరీక్షకు ‘షాకెన్’ అని పేరు. నిర్బంధ బీమా లేనిదే షాకెన్ పూర్తికాదు, షాకెన్ లేనిదే కారు రోడ్డెక్కదు. బీమాకూ భద్రతకూ అక్కడ ముడిపెట్టేశారు.

దక్షిణ కొరియాలో సొంత కార్లకు నాలుగేళ్లకు మొదటి పరీక్ష, ఆ తర్వాత రెండేళ్లకోసారి. దానికి తోడు బీమా కంపెనీలు కూడా పోటీపడి తనిఖీలు చేస్తుంటాయి. మనకు సంక్రాంతి ఎలాగో వాళ్లకు ‘చుసోక్’ పంటల పండగ అలాగ. దేశమంతా సొంతూళ్ల దారి పడుతుంది. ఆ ప్రయాణాలకు ముందు టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, ఆయిళ్లు ఉచితంగా చూసి పంపించడం అక్కడి బీమా కంపెనీలకు అలవాటు. ఇందులో దానధర్మమేమీ లేదు. దారిలో ఆగిన కారు దగ్గరికి మనిషిని పంపడం కంటే బయల్దేరే ముందు బ్యాటరీ చూడటం కంపెనీకి చవక. ఒక ప్రమాదం తప్పితే ఒక క్లెయిము తప్పినట్టే.

అలాగని ప్రపంచమంతా ఒకే దారిలో లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, హ్యూస్టన్ నగరాలున్న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం సొంత కార్లకు ఏటా చేసే భద్రతా పరీక్షను 2025 జనవరి 1 నుంచి ఎత్తేసింది. పరీక్ష పోయిందిగానీ దాని పేరిట వసూలు చేసే ఏడున్నర డాలర్ల రుసుము మాత్రం అలాగే ఉంది! కొన్ని జిల్లాల్లో పొగ పరీక్ష కొనసాగుతోంది. అంటే ఇప్పుడు అక్కడి తెలుగువాళ్లకూ ఇక్కడున్న అన్నదమ్ములకూ పరిస్థితి ఒకటే. ఎవరి కారును వాళ్లే చూసుకోవాలి.

అరగంట చాలు

పాలసీలో ఉచిత తనిఖీ ఉంటే అది వాడుకోండి. లేకపోతే తెలిసిన మెకానిక్కు దగ్గర ఈ పరీక్షలు చేయించండి. కొన్ని ఇంటి దగ్గరే చూసుకోవచ్చు.

* టైర్లు: గాళ్ల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది నిబంధన. గాళ్ల మధ్య చిన్న అడ్డుగట్లు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే మార్చాల్సిందే. టైరు పక్కన ఉండే నాలుగంకెల సంఖ్య తయారీ తేదీని చెబుతుంది. ‘2319’ అని ఉంటే 2019లో 23వ వారం అని అర్థం.

* గాలి: ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు దగ్గర అంటించి ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. స్టెప్నీని మరిచిపోవద్దు.

* బ్రేకులు: ప్యాడ్ల మందం, బ్రేక్ ఆయిలు మట్టం చూపించమనండి. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్పించడం మంచిది. పెడల్ మెత్తగా లోపలికి పోతున్నా, తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతున్నా ఆలస్యం చేయొద్దు.

* లైట్లు, వైపర్లు: ఒకరు లోపల కూర్చుని ఒక్కొక్కటీ వేస్తుంటే మరొకరు బయట నిలబడి చూడాలి. బ్రేక్ లైటు పోతే నడిపేవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

* సీటు బెల్టులు: ఒక్కసారి గట్టిగా గుంజితే పట్టేయాలి. వెనకసీట్లోవీ చూడండి.

* ఎయిర్‌బ్యాగ్ లైటు: తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఎక్కడో లోపమున్నట్టే.

* బ్యాటరీ, కూలెంట్, బెల్టులు, గొట్టాలు: దూరప్రయాణాల్లో బండిని నడిరోడ్డు మీద నిలబెట్టేవి ఇవే.

* రీకాల్: తయారీ లోపముంటే కంపెనీలు కార్లను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేస్తాయి. మీ కారు ఆ జాబితాలో ఉందేమో చాసిస్ నంబరు చెప్పి షోరూమ్‌లో కనుక్కోండి.

ఇదంతా కలిపి అరగంట పని. మెకానిక్కు చేతిలో పెట్టేది కొన్ని వందలు. బీమా కంపెనీ విరిగిన బంపరుకు తరుగు పోను లెక్కకట్టి డబ్బిస్తుంది. పగిలిన అద్దానికి పూర్తిగా ఇస్తుంది. వెనకసీట్లో కూర్చున్న పిల్లలకు మాత్రం ఏ సర్వేయరూ వెల కట్టలేడు. వాళ్ల సంగతి బయల్దేరకముందే చూసుకోవాలి.

దసరాకు దిష్టి తీయండి. నిమ్మకాయలూ పెట్టండి. ఎలాగూ వంగారు కాబట్టి, ఆ టైరు మీద ఓసారి చెయ్యి వేసి చూడండి.